కొండకి కట్టుకెళ్లే గడియారం

6 అక్టోబరు 2002, ఆదివారం

గండం గడిచింది. స్వామీ, నీకు వెయ్యి దండాలు.

ఇవాళ సత్సంగం కమిటీ కూర్చుంది. ఈ కార్తీకంలో సోమయ్యకొండకి వెళ్లాలా, వెళ్తే నా వెంట వెళ్లాలా, ఇంకెవరినైనా చూసుకోవాలా అన్నదే చర్చ. పన్నెండేళ్లుగా ఆ కొండకి అందరినీ తీసుకెళ్లేది నేను. అది పోతే ఇక మిగిలేదేమిటి? కొవ్వూరు మెయిన్‌రోడ్డులో పాత్రల కొట్టు పెట్టుకుని స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కే జగన్నాథరావు. ఎనిమిదో తరగతి తప్పినవాడు. అంతే.

ప్రెసిడెంటు గున్నేశ్వరరావు లేచాడు. కిందటేడు మంచం పట్టింది వాళ్లమ్మే కాబట్టి అతను నోరు తెరిస్తే నా పని అయిపోయిందనుకున్నాను. అతనేమన్నాడూ? "తప్పు గురువుగారిది కాదండి, గడియారానిది. అంచేత ఈసారి ఆయనకి నీళ్లలో పడ్డా, రాయి మీద పడ్డా ఆగని గడియారం ఒకటి కమిటీ తరఫున సన్మానం చేసి చేతికి కడదాం. ఏది కొండకి పనికొస్తుందో ఆయన్నే చూసుకోమందాం. అది చేతికుంటేనే ప్రయాణం. ఏమంటారండీ?"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

కార్యదర్శి మీనాకుమారి (హైస్కూలు టీచరు, రాతకి పేరు) మినిట్స్ పుస్తకంలో రాసినది ఇక్కడ ఎక్కించుకుంటున్నాను. చదివిన కొద్దీ మనసు తేలికవుతోంది.

"గత కార్తీకమున నలుబది ఇద్దరు సభ్యులు పట్టిసీమ రేవు నుండి లాంచీపై వెళ్లి సోమయ్యకొండ ఎక్కి దర్శనము చేసుకొని, భోజనానంతరము ప్రవచనము వినుచుండగా, శ్రీ జగన్నాథరావు గారి చేతి గడియారము మూడుంబావుకు ఆగిపోయినది. అందువలన నాలుగు గంటల లాంచీ అందక సభ్యులు ఆ రాత్రి కొండ క్రింది రేవు ఇసుకపై గడిపిరి. సంపూర్ణమ్మ గారికి మంచు తగిలి పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉండవలసి వచ్చినది. దోషము గడియారమునది."

దోషము గడియారమునది! ఎంత చక్కగా రాసింది.

7 అక్టోబరు, సోమవారం

మాణిక్యంతో చెప్పాను. భార్య కదా, సంతోషిస్తుందనుకున్నాను. కందిపప్పు చెరుగుతూ తలెత్తకుండా అంది: "తప్పు గడియారానిదైతే దాన్ని బాగు చేయించాలి గాని, సన్మానం మీకెందుకండీ?"

ఆడవాళ్లకి సభామర్యాద తెలీదు.

9 అక్టోబరు, బుధవారం

కొట్టు మాణిక్యానికి అప్పజెప్పి, బస్సెక్కి వంతెన దాటి రాజమండ్రి వెళ్లాను. నిరంజన్ అని, మెయిన్‌రోడ్డులో గడియారాల షాపు. కంటికి ఆ నల్ల గొట్టం పెట్టుకుని, బతికున్నదేదో అందులో కదులుతున్నట్టు చూస్తూ కూర్చుంటాడు. కొండకి కావాలన్నాను.

"కొండకాండీ? అయితే ముందు చెప్పండి. చెమట పడుతుందా? నీళ్లలో చెయ్యి పెడతారా? కళ్లెలా ఉన్నాయి?"

నలభై ఏడేళ్లు అన్నాను. "వయసు కాదండి, కళ్లు" అన్నాడు. చూడ్డానికి సాధువు, నోరు మాత్రం మా ఆవిడ నోరే.

మూడు తీసి గాజు బల్ల మీద పెట్టాడు. మొదటిది నల్లగా, లావుగా, తాబేలు పిల్లలా ఉంది. ముళ్లు లేవు, అంకెలే. చుట్టూ రబ్బరు. నేను చూస్తుండగానే దాన్ని నేలకేసి కొట్టాడు! తీసి చూపించాడు, నడుస్తూనే ఉంది. లైటుంది, అలారం ఉంది. ఆ అలారం నొక్కి వినిపించాడు. పక్కనున్న బట్టల షాపువాడు కూడా తొంగి చూశాడు. ఛీ. పిల్లలాడుకునే బొమ్మ. ఇది కట్టుకుని వ్యాసపీఠం ముందు కూర్చోనా?

రెండోదానికి దిక్కులు చూపించే ముల్లు, కొండ ఎత్తు చెప్పే యంత్రం ఉన్నాయి. "ఎత్తు ఎందుకయ్యా, ఎక్కుతుంటే మోకాళ్లు చెప్పవూ?" అన్నాను. నవ్వి పక్కన పెట్టేశాడు.

మూడోది! అదీ గడియారమంటే. ఈతగాళ్లు నీళ్ల అడుగుకి దిగేటప్పుడు కట్టుకునేదట. వెనక మూత మర తిప్పి బిగించి ఉంటుంది. కీ కూడా మరే. ముళ్ల మీద ఆకుపచ్చ పూత, చీకట్లో వెలుగుతుంది. గాజు చుట్టూ తిరిగే ఉక్కు కట్టు ఉంది. ఎన్నింటికి బయల్దేరాలో ఆ గుర్తుని అక్కడికి తిప్పి పెట్టుకుంటే, ఇంకెంత టైముందో చూడగానే తెలుస్తుంది. తోలు పట్టీ వద్దన్నాడు, చెమటకి కుళ్లిపోతుందట. నైలాను పట్టీ వేస్తానన్నాడు.

"నీళ్లని తట్టుకుంటుందా?" అన్నాను.

"రెండొందల మీటర్లండి. ఇంకో షాపులో యాభై అని రాసినవి అమ్ముతారు. యాభై అంటే యాభై మీటర్లు దిగొచ్చని కాదండి. చేతులు కడుక్కోవచ్చని. అది తెలీక చాలామంది మునుగుతారు."

అప్పుడు అడగకూడని మాట అడిగాడు. "మీ పాత వాచీ ఏమైందండి? తెండి, ఒకసారి చూద్దాం. కీ ఇచ్చే వాచీలు ఊరికే ఆగవు."

పారేశానని చెప్పాను. అది ఇనప్పెట్టెలో ఉంది.

10 అక్టోబరు, గురువారం

మూడోదే. సందేహం లేదు. గంభీరంగా ఉంది.

13 అక్టోబరు, ఆదివారం

ప్రవచనం. మామూలుగానే అందరూ గడియారాలు విప్పి ఇత్తడి పళ్లెంలో పెట్టారు, మీనాకుమారి పట్టుగుడ్డ కప్పింది. ఈ నియమం నేను పెట్టి పన్నెండేళ్లు. ఇంత నిష్ఠ జిల్లాలో ఇంకెక్కడా లేదు. గీత పదో అధ్యాయంలో స్వామి, లెక్కపెట్టేవాటిలో కాలాన్ని నేనే అన్నాడు. స్వామినే మణికట్టుకి కట్టేసుకుని, ఎప్పుడు అయిపోతావు, ఎప్పుడు అయిపోతావు అని చూస్తారా! మొదట్లో ఒకాయన చూస్తే లేపి గుమ్మం బయట నిలబెట్టాను. అప్పట్నుంచీ ఎవరూ చూడలేదు. నాకు మాత్రం ఉంటుంది. ఎవరో ఒకరికి ఉండాలి కదా.

ఇవాళ ద్రోణుడి వధ చెప్పాలి. ధర్మరాజు పైకి ఒక మాట, గొణుగుడుగా ఒక మాట చెప్పి, ఏనుగు పేరుతో గురువుని పడగొట్టే చోటు. అది దాటేసి కర్ణుడి దగ్గరికి వెళ్లిపోయాను.

"గురువుగారూ, ఏనుగు వదిలేశారండీ" అన్నాడు వెనక నుంచి బుజ్జిబాబు, ఎరువుల కొట్టు.

"ఏనుగు గురించి చిన్నపిల్లలకి చెబుతారు. నువ్వు పెద్దవాడివి. కూర్చో!" అని గద్దించాను.

గొంతు కొంచెం ఎక్కువగానే లేచింది.

16 అక్టోబరు, బుధవారం

నిన్న దసరా. కొట్లో ఆయుధపూజకి ఇనప్పెట్టె తెరిచినప్పుడు మాణిక్యం పాత గడియారం తీసిందట. నేను కొత్తది ఖాయం చేద్దామని ఇవాళ రాజమండ్రి బయల్దేరితే సంచిలో పెట్టేసింది. నిరంజన్ బల్ల దగ్గర సంచిలోంచి బయానా డబ్బు తీస్తుంటే టక్కున బయటపడింది.

"పారేశానన్నారు గదండీ?"

"దొరికింది" అన్నాను.

నేను వద్దంటుండగానే మూత విప్పాడు. లోపలంతా తుప్పు. నల్ల గొట్టం పెట్టుకుని చూసి, చూసి, "మంచి వాచీ అండి" అన్నాడు. "దీనికి జబ్బేం లేదు. ఇరుసులు బాగున్నాయి, స్ప్రింగు బాగుంది. నీళ్లొక్కటే. ఇది దానంతటది ఆగలేదండి. నడుస్తూ నడుస్తూ నీళ్లలో పడింది."

"వాగులో జారానయ్యా" అన్నాను.

"జారితే ఇన్ని నీళ్లు పోవు. పడేటప్పుడు కీ బయటికి లాగి ఉందండి. ఇదిగో, ఈ కీ పుల్ల మీద తుప్పు చూడండి, బయటికి లాగినంత మేరే పట్టింది. ముళ్లు తిప్పుతూ తిప్పుతూ ఎవరైనా వాచీని నీళ్లలో పెడతారా? ఎవరిదండి ఆ పని?"

"పిల్లలెవరో చేసుంటారు."

"ఆయ్, పిల్లలంతేనండి" అని దాన్ని చిన్న గిన్నెలో వేశాడు, కడుగుతానని.

మా ఇంట్లో పిల్లలు లేరు. ఆ సంగతి అతనికి తెలీదు.

17 అక్టోబరు, గురువారం

వాగులో జారినప్పుడు రాయి తగిలి కీ బయటికి వచ్చుంటుంది. అంతే. దీనికింత ఆలోచనెందుకు?

పదిహేడో అధ్యాయంలో మాటతో చేసే తపస్సు గురించి స్వామి ఏం చెప్పాడు? ఎదుటివాణ్ణి నొప్పించని మాట మాట్లాడమన్నాడు. నేను ఎవర్ని నొప్పించాను? గడియారం ఆగిందంటే ఎవరికి నొప్పి? ఎవరికీ లేదు.

18 అక్టోబరు, శుక్రవారం

రాయి తగల్లేదు.

21 అక్టోబరు, సోమవారం

సంపూర్ణమ్మ గారు కొట్టుకొచ్చింది. గున్నేశ్వరరావు తల్లి. డెబ్బై రెండేళ్లు. కిందటేటి జబ్బు తర్వాత మనిషి సగమైంది. మెట్టు ఎక్కడానికి గుమ్మం పట్టుకుని ఒక్క నిమిషం ఆగింది. మూత ఉన్న స్టీలు మరచెంబు కొని, పేరు చెక్కమంది.

"కొండకే నాయనా. మా వాడు కిందటి వారం దాకా వద్దే వద్దన్నాడు. ఇప్పుడేమో నీ చేతికి ఆ కొత్త గడియారం ఉంటే పంపిస్తాడంట. నీ గడియారం పుణ్యమా అని వస్తున్నా."

నేను చెక్కుడు మెషిను పట్టుకుని ఉన్నాను. 'సం' దగ్గర సున్నా వంకర పోయింది. ఇన్నేళ్లలో నాకు సున్నా వంకర పోలేదు.

"ఇంకోటి ఇస్తాను పిన్నిగారూ."

"పరవాలేదులే. నాదని తెలుస్తుంది" అంది. ఆవిడ వెళ్తుంటే దగ్గు వినిపించింది. వీధి మలుపు దాకా వినిపిస్తూనే ఉంది.

24 అక్టోబరు, గురువారం

ఇవాళ మధ్యాహ్నం కొట్టు మూసి లోపల కూర్చుని రాస్తున్నాను. మాణిక్యం పుట్టింటికెళ్లింది.

పదిహేడో అధ్యాయంలో ఆ శ్లోకం మొన్న సగమే రాసుకున్నాను. నొప్పించని మాట అన్న వెంటనే, ఊపిరి కూడా తిప్పుకోకుండా, స్వామి ఇంకో మాటన్నాడు. నిజమైనది అన్నాడు. పన్నెండేళ్లుగా మైకులో చెబుతున్న శ్లోకం! రాసేటప్పుడు నా చెయ్యి అక్కడే ఎలా ఆగిందో!

రాసేస్తాను. ఎవరు చూడొచ్చారు?

గడియారం ఆగలేదు. ఆ రోజు ఒంటిగంటకి మొదలుపెట్టాను. మూడుంబావుకి ఆపి దిగితే లాంచీకి సరిపోతుంది. మూడుంబావుకి చూశాను. సరిగ్గా మూడుంబావు. ముందు వరసలో వాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. కొండగాలి, నా గొంతు, నలభై మంది ఊపిరి బిగబట్టి. కొవ్వూరులో నేను చెబుతుంటే వెనక వరస వాళ్లు ఆవలిస్తారు. అక్కడ ఒక్కరు ఆవలించలేదు. ఇంకొక్క మాట అనుకున్నాను. మళ్లీ చూశాను. నాలుగుకి ఇరవై ఐదు నిమిషాలు. గబగబా దిగితే అందుకోవచ్చు అనుకున్నాను. ముసలివాళ్లు గబగబా దిగలేరని నాకు తెలీదా! తెలుసు. ఆ తర్వాత చూడలేదు. చూడలేదు అంటే, చూడదల్చుకోలేదు.

చాలించేసరికి నాలుగున్నర. గుడ్డ తీసి పళ్లెంలో గడియారాలు చూసుకుని అందరూ కేకలు పెట్టారు. "గురువుగారూ, మీరు చూడలేదా?" అన్నారు. నా గడియారం ఆగిపోయింది అన్నాను. చెయ్యి పంచె మడతల్లో ఉంది. మడతల్లో అది టిక్కుటిక్కుమంటోంది. దిగేటప్పుడు వాగు దగ్గర వెనకబడ్డాను. కీ లాగాను. ముళ్లని వెనక్కి, మూడుంబావుకి తిప్పాను. నీళ్లలో ముంచాను. బుడగలొచ్చాయి. ఆగేదాకా ముంచి ఉంచాను.

ఇప్పుడు నా చేతికి రెండొందల మీటర్ల నీళ్లకి ఆగని గడియారం కడతారు. దాన్ని చూసి సంపూర్ణమ్మ గారిని పంపిస్తారు. దాన్ని కూడా మూడుంబావుకి చూస్తాను. చూసి చెబుతూనే ఉంటాను. అది నాకు తెలుసు. ఆ గడియారం ఎంత గట్టిదైతే ఏం లాభం!

25 అక్టోబరు, శుక్రవారం

కొండకి వెళ్లనని, మోకాళ్ల నొప్పి అని కబురు పెడితే? మోకాళ్లు నిజంగానే నొప్పి.

లేదు. ఇంకో ఏనుగు వద్దు.

27 అక్టోబరు, ఆదివారం

చెప్పేశాను. చెప్పేశాను, చెప్పేశాను.

హాల్లో పూలదండ, శాలువా, పళ్లెంలో కొత్త గడియారం. మూడోదే, నైలాను పట్టీతో. గున్నేశ్వరరావు చెయ్యి పట్టుకున్నాడు కట్టడానికి. నేను లాక్కున్నాను. ఒక్క శ్లోకం నోటికి రాలేదు. అదేదో దొంగ పోలీసు స్టేషన్లో చెప్పినట్టు చెప్పాను. మూడుంబావుకి చూశానని, మళ్లీ చూశానని, నీళ్లలో ముంచానని. వాగు దగ్గరకి వచ్చేసరికి నా గొంతు నాకే వినపడలేదు.

మీనాకుమారి మినిట్స్ పుస్తకం మూసేసింది.

గున్నేశ్వరరావు, "మా అమ్మ ఆక్సిజన్ మీద ఉందండి" అన్నాడు. "పదకొండు రోజులు. నేను ఆ బెంచీ మీద కూర్చుని ఆ గడియారాన్ని తిట్టుకున్నానండి. గడియారాన్ని!" చేతిలో ఉన్నది పళ్లెంలో పడేసి బయటికెళ్లిపోయాడు. స్కూటరు స్టార్టయిన చప్పుడు.

నేను కదల్లేదు. చెప్పులు ఎక్కడ విడిచానో కూడా గుర్తు రావడం లేదు. అప్పుడు ముందు వరస నుంచి సంపూర్ణమ్మ గారు అంది: "నాకు తెలుసులే నాయనా."

అందరూ అటు తిరిగారు.

"రెండుసార్లు చూశాడు. నేను ఎదురుగా కూర్చుంటాను కదా, కనపడదేంటి? తర్వాత వాగు దగ్గర వంగి చెయ్యి కడుక్కుంటున్నాడు. ఎంతసేపటికీ ఒక చెయ్యే కడుక్కుంటాడే! రెండో చెయ్యికి అంటలేదేమో అనుకున్నా."

బుజ్జిబాబు కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత ఇంకొకరు. నేను తలెత్తలేదు.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం పిన్నిగారూ?" అన్నాను.

"చెబితే మా వాడు నిన్ను బతకనిస్తాడా? అయినా నువ్వు ఆపకపోతే నేను ఆపమన్నానా? నాకూ బాగుంది. లాంచీ వస్తుందని నాకు తెలీదా? నాకూ తెలుసు." కాస్త దగ్గి, "కాని నాయనా, మళ్లీ ఇసుక మీద పడుకోలేను. ఈసారి అది నా వల్ల కాదు" అంది.

నవ్వు ఆగిపోయింది.

మీనాకుమారి లేచింది. ఈ అమ్మాయి ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడుతుంది. ఇవాళ కూడా నెమ్మదిగానే, "గురువుగారు చూశారు సరేనండి. మేమెందుకు చూడలేదు? నలభై ఒక్క గడియారాలు పళ్లెంలో పెట్టి గుడ్డ కప్పింది నేనే. పన్నెండేళ్లుగా ఎవరం వద్దనలేదు. ముందు ఆ పళ్లెం తీసేద్దాం" అంది.

నేను పెట్టిన నియమం. జిల్లాలో ఇంకెక్కడా లేని నిష్ఠ. "తీసెయ్యండి" అన్నాను. ఎంత సులువుగా అన్నానో!

ఇంకో మాట కూడా అన్నాను. చూసేవాడికి మాత్రమే టైము చెప్పే గడియారం నాకు పనికిరాదు, చూసి కూడా చూడనట్టు ఉండగలను, అందరికీ వినిపించేది కావాలి, అది నా చేతికి వద్దు అన్నాను.

28 అక్టోబరు, సోమవారం

నిన్న ఇంటికొచ్చి మాణిక్యానికి చెబితే, "అన్నం తింటారా?" అంది. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. ఏడాదిగా వంకాయ కూర ఇంత రుచిగా వండలేదు అన్నాను. ప్రతి వారం ఇలాగే వండుతున్నానంది.

నాకేమీ మిగల్లేదు దాచుకోడానికి. ఇంత తేలికగా ఉంటుందని ఏ అధ్యాయంలోనూ చదవలేదు. ఉంటే దాటేసి ఉంటాను.

29 అక్టోబరు, మంగళవారం

ఈతగాళ్ల గడియారం నిరంజన్‌కి తిరిగిచ్చేసి ఆ తాబేలు పిల్ల తెచ్చాను. "బొమ్మన్నారు గదండీ?" అన్నాడు. అన్నాను. దాని అలారం ఇంకా గట్టిగా వచ్చేదుందా అని అడిగితే, ఇంతకంటే గట్టిగా కావాలంటే రైలింజను కొనుక్కోవాలన్నాడు. పిల్లలు చేసిన పని కాదని కూడా చెప్పేశాను. "తుప్పు చూసినప్పుడే తెలుసండి. పిల్లలైతే అంత ఓపిగ్గా ముంచరు" అన్నాడు.

పాత గడియారం నడుస్తోంది. దానికి దండం పెట్టి తెచ్చుకున్నాను.

3 నవంబరు, ఆదివారం

కొత్తది సంపూర్ణమ్మ గారి చేతికి కట్టాం. చెయ్యి పుల్లలా ఉంది, పట్టీ ఆఖరి చిల్లుకి పెట్టినా మోచేతి దాకా జారిపోతోంది. మీనాకుమారి సూది కాల్చి ఇంకో రెండు చిల్లులు పొడిచింది. గాజుల మధ్య ఆ నల్లది! "బావుందే, గేదె మెడలో బండ కట్టినట్టు" అంది ఆవిడే. మూడు గంటలకి అలారం పెట్టాం. మూడుంబావుకి కాదు. మూడుకే.

గున్నేశ్వరరావు రాలేదు.

10 నవంబరు, ఆదివారం

ఇవాళా రాలేదు. పేర్లిచ్చినవాళ్లు ముప్పై ఒక్కరు. పదకొండుమంది మానుకున్నారు. మానుకోవడం వాళ్ల హక్కు. ఈ మాట రాయడానికి చాలాసేపు పట్టింది.

15 నవంబరు, శుక్రవారం

గున్నేశ్వరరావు పేరిచ్చాడట, మీనాకుమారికి. నాకు కాదు. తల్లిని ఒక్కదాన్నీ నాతో పంపడట.

సబబే.

18 నవంబరు, సోమవారం

నిన్నటి సంగతి రాయాలి. ఇవాళ కార్తీక సోమవారం, ఉపవాసం. రాయడానికి బోలెడు టైముంది.

పొద్దున్నే పట్టిసీమ రేవుకి చేరాం. మంచు. లాంచీ సరంగు నన్ను చూసి, "ఏంటండీ, ఈ ఏడాది దుప్పట్లు తెచ్చుకున్నారా?" అన్నాడు. అందరూ విన్నారు. "నాలుగింటికి నువ్వొస్తే చాలు" అన్నాను. గున్నేశ్వరరావు లాంచీ వెనక చివర తల్లి పక్కన కూర్చున్నాడు. నా వంక చూడలేదు. కొండెక్కేటప్పుడు కూడా ఆవిడని పట్టుకుని అందరికంటే వెనక నడిచాడు. ఆవిడ పది అడుగులకోసారి ఆగడం, అతను మరచెంబు మూత తియ్యడం, మళ్లీ నడవడం. నేను ముందు నడుస్తూ ప్రతి మలుపులోనూ ఆగాను. ఇంతకు ముందెప్పుడూ ఆగలేదు.

దర్శనమైంది. ఉసిరిచెట్టు కింద విస్తళ్లేశారు. దబ్బకాయ పులిహోర, కందా బచ్చలి. ఒంటిగంటకి మొదలుపెట్టాను. అందరి చేతులకీ గడియారాలున్నాయి. ఒకరిద్దరు చూసుకున్నారు కూడా. మొదట్లో ఒళ్లు మండింది, నిజం రాయాలి కదా. తర్వాత మరిచిపోయాను.

బాగా చెప్పాను. కిందటేటి కంటే బాగా చెప్పాను. రెండున్నర దాటాక ఆ గాలి మళ్లీ వచ్చింది, ఆ మౌనం వచ్చింది. కళ్లు తుడుచుకోవడం మొదలైంది. నా గొంతు నాది కాదు. కురుక్షేత్రం అంతా నా ముందుంది. చెయ్యెత్తి, "అప్పుడు స్వామి నవ్వి, ఆ ఒక్కమాట అన్నాడు! ఏమన్నాడయ్యా అంటే..."

కీకీకీకీకీ!

చెట్టు మీద కోతి ఒకటి దూకి పారిపోయింది. సంపూర్ణమ్మ గారు గాభరాపడి చేతిని కొంగులో దాచుకుంది. కొంగులోంచి కూడా అరుస్తోంది. దాన్ని ఆపే మీట ఎవరికీ తెలీదు. ఎత్తిన నా చెయ్యి అలాగే ఉంది. నోరు తెరిచే ఉంది. ఒక్క వాక్యం. ఒక్క వాక్యం చెబితే అయిపోతుంది.

చివర కూర్చున్న గున్నేశ్వరరావు నా వంకే చూస్తున్నాడు. ఈ మూడు వారాల్లో మొదటిసారి.

నోరు మూసుకున్నాను. గ్రంథం మూసి సంచిలో పెట్టి, "లేవండి" అన్నాను.

రేవుకి చేరేసరికి నాలుగుకి ఇరవై ఐదు నిమిషాలు. లాంచీ ఇంకా రాలేదు! ముప్పై ఇద్దరం ఒడ్డున కూర్చుని దాని కోసం ఎదురుచూశాం. లాంచీ కోసం ఎదురుచూడటం మా సత్సంగం చరిత్రలో లేదు. బుజ్జిబాబు వేరుశనక్కాయలు పంచాడు. ఎవరికీ మాట్లాడాలని లేదు. నాకూ లేదు. గోదారి అలా పోతూ ఉంటే చూస్తూ కూర్చున్నాం.

లాంచీ మధ్యకి వచ్చాక సంపూర్ణమ్మ గారు నన్ను పిలిచి పక్కన కూర్చోమంది. గున్నేశ్వరరావు కొంచెం జరిగాడు. ఆవిడ అడిగింది: "ఇంతకీ అప్పుడు స్వామి నవ్వి ఏమన్నాడు నాయనా? దీని గోలలో పోయింది."

చెప్పబోయాను. నోరు తెరిచాను. ఏమీ లేదు. అంత పెద్ద మాట, కొండంతా ఊపేసే మాట, ఒక్క అక్షరం గుర్తు రాలేదు.

"మరిచిపోయాను పిన్నిగారూ" అన్నాను.

గున్నేశ్వరరావు ఒక నిమిషం నా మొహం చూశాడు. "అయితే కిందటేడు కూడా అంతేనేంటండీ గురువుగారూ? గుర్తు రాకే నాలుగున్నర దాకా చెప్పారా?" అన్నాడు.

ముందు బుజ్జిబాబు నవ్వాడు. తర్వాత లాంచీ అంతా. సరంగు కూడా వెనక్కి తిరిగి, ఎందుకో తెలీకుండానే నవ్వాడు. గున్నేశ్వరరావు నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుని, మరచెంబు మూత తీసి నాకందించాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి.

దీపాలు పెట్టేవేళకి ఇంటికి చేరాం. అందరం.

ఆ మాటేదో గ్రంథం తీసి చూడాలి. చూస్తాను, తొందరేం లేదు.